బస్తర్ అంటే ఎన్ని అక్షరాలు? ఈ-మెయిల్‌లో లైన్ విరుపు వెనుక లెక్క

‘బస్తర్’ అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయి? ఒకటో తరగతి పిల్లవాణ్ణి అడిగితే బ, స్త, ర్ అని వేళ్ళు మడిచి మూడు అంటాడు. కంప్యూటర్‌ను అడిగితే ఆరు అంటుంది. బ, స, పొల్లు, త, ర, మళ్ళీ పొల్లు అని అది విడివిడిగా లెక్కపెడుతుంది. అదే మాటను ఈ-మెయిల్‌లో పంపితే, మోసుకెళ్ళే సర్వర్‌కు అది 18 బైట్లు. ఇంగ్లిషులో రాస్తే ఈ గొడవ లేదు. ఆరు అక్షరాలు, ఆరు సంకేతాలు, ఆరు బైట్లు, అంతా ఒకటే.

మూడు, ఆరు, పద్దెనిమిది. ఈ తేడాతో మనకేం పని అనిపించవచ్చు. కానీ ఈ-మెయిల్‌కు ఒక పాత నియమం ఉంది. ఒక్కో లైన్ 78 అక్షరాలు దాటకపోతే మంచిది, 998 అసలు దాటకూడదు. ఇక్కడ ‘అక్షరం’ అంటే ఏది? పిల్లవాడు లెక్కపెట్టినదా, కంప్యూటర్ లెక్కపెట్టినదా, సర్వర్ లెక్కపెట్టినదా? లైన్ ఎక్కడ విరగాలో ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. తప్పుగా లెక్కపెడితే వాక్యం ముక్కలవుతుంది, ఒక్కోసారి అక్షరమే పగిలిపోతుంది. తెలుగు, హిందీ వంటి పెద్ద భాషలకు ఇది చికాకుతో పోయే విషయం. బస్తర్ అడవుల్లో మాట్లాడే గోండీ లాంటి భాషకు మాత్రం ఉన్న కొద్దిపాటి రాతే చేజారిపోయే విషయం.

80 గడుల వారసత్వం

ఈ 78 అంకె కంప్యూటర్ తెరల కంటే పాతది. 1928లో ఐబీఎం సంస్థ 80 నిలువు వరుసలున్న పంచ్ కార్డును తెచ్చింది. ఒక్కో నిలువు వరుసలో కన్నాలు పొడిచి ఒక్కో అక్షరాన్ని గుర్తించేవారు, కాబట్టి కార్డుకు 80 అక్షరాలు. తర్వాత వచ్చిన కంప్యూటర్ తెరలు చాలావరకు ఆ కొలతనే పాటించాయి. 1978 నాటి ప్రసిద్ధ వీటీ-100 టెర్మినల్ కూడా లైనుకు 80 గడులు చూపేది. 1960లలో విరివిగా వాడిన మోడల్ 33 టెలిటైప్ యంత్రం కాగితం మీద లైనుకు 72 అక్షరాలు అచ్చు వేసేది.

ఈ-మెయిల్ నియమాలు రూపుదిద్దుకున్నది ఈ యంత్రాల మధ్యనే. 1982 ఆగస్టులో వచ్చిన రెండు ప్రమాణ పత్రాలు, ఆర్‌ఎఫ్‌సీ 821, ఆర్‌ఎఫ్‌సీ 822, నేటికీ మెయిల్ వ్యవస్థకు పునాది. మొదటిది సర్వర్లు పరస్పరం మాట్లాడుకునే పద్ధతిని చెప్పింది. లైను చివరి గుర్తులు రెండింటినీ కలుపుకొని ఒక లైన్ వెయ్యి అక్షరాలకు మించకూడదని అందులోనే ఉంది. ఆ రెండు గుర్తులు తీసేస్తే మిగిలేది 998. తర్వాతి కూర్పులు దీన్ని అలాగే ఉంచి, 78 దాటకుండా ఉంటే మంచిదన్న సలహా చేర్చాయి. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322లో కూడా ఈ రెండు అంకెలూ ఉన్నాయి. 80 గడుల తెర మీద లైన్ నిండుగా పట్టాలి, చివర కొంచెం చోటు మిగలాలి. 78 వెనుక ఉన్న ఆలోచన ఇదే.

వాడుకలో మాత్రం జనం ఇంకాస్త ముందే, 72 దగ్గర విరిచేవారు. కారణం ప్రత్యుత్తరాలు. ఎవరైనా మన ఉత్తరానికి జవాబు రాస్తే, మన ప్రతి లైను ముందూ ఒక బాణం గుర్తు, ఒక ఖాళీ చేరతాయి. అంటే రెండు గడులు. ఆ జవాబుకు జవాబు వస్తే నాలుగు, దానికి మరొకటి వస్తే ఆరు. 72కు ఆరు కలిపితే సరిగ్గా 78. మూడు విడతల సంభాషణ దాకా లైన్ చెదరదు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు పక్కవారికి చోటివ్వడానికి కాస్త ముడుచుకుని కూర్చున్నట్టే ఇది కూడా. మర్యాదలోంచి పుట్టిన కొలత.

ఈ మర్యాద నేటికీ గట్టిగా పాటించే చోట్లు ఉన్నాయి. లినక్స్ కెర్నెల్‌ను రాసేవారు తమ మార్పులను సాదా పాఠంగా ఈ-మెయిల్‌లోనే పంపుకుంటారు. అక్కడ మెయిల్ ప్రోగ్రామ్ తనంతట తానుగా ఒక్క లైన్ విరిచినా ఆ ప్రోగ్రామ్ ముక్క పనికిరాదు. అందుకే జీమెయిల్ వెబ్ పేజీ నుంచి పంపవద్దని, అది ప్రతి 78 అక్షరాలకూ లైన్ విరుస్తుందని కెర్నెల్ సూచనల్లో స్పష్టంగా రాసి ఉంది.

తాత్కాలిక విరుపు, శాశ్వత విరుపు

80 గడుల తెర కోసం రాసిన ఉత్తరాన్ని చిన్న ఫోనులో తెరిస్తే ఏమవుతుందో చాలామంది చూసే ఉంటారు. ఒక లైన్ నిండుగా వస్తుంది, కింద రెండు మూడు మాటలతో అరకొర లైన్, మళ్ళీ నిండు లైన్, మళ్ళీ అరకొర. ఎలుక కొరికిన కాగితంలా ఉంటుంది. ఫోన్ తన వెడల్పుకు తగ్గట్టు లైన్‌ను మడుస్తుంది, కానీ పంపినవారి యంత్రం పెట్టిన విరుపు కూడా అలాగే ఉండిపోతుంది. రెండూ కలిసి ఈ అవతారం. ప్రమాణాలు రాసినవారు దీనికి ‘ఇబ్బందికరమైన లైన్ విరుపు’ అనే పేరే పెట్టారు.

సమస్య మూలం ఒక్కటే. విరుపుల్లో రెండు రకాలున్నాయి. పేరా ముగిసిందనో, పద్యపాదం అయిపోయిందనో రచయిత కావాలని పెట్టిన విరుపు ఒకటి. అది రచనలో భాగం. తెర అంచు వచ్చింది కాబట్టి యంత్రం పెట్టిన విరుపు మరొకటి. దానికి అర్థం లేదు, తెర మారితే అది పోవాలి. సాదా పాఠంలో ఈ రెంటికీ ఒకే గుర్తు వాడారు. అందువల్ల చదివే యంత్రానికి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తెలియదు.

దీనికి 1999లో రాండల్ గెలెన్స్ ఒక చక్కటి ఉపాయం ప్రతిపాదించారు. 2004 ఫిబ్రవరిలో దాన్ని సవరించి ఆర్‌ఎఫ్‌సీ 3676గా ప్రకటించారు. సూత్రం చాలా చిన్నది. లైన్ చివర ఒక ఖాళీ ఉంటే అది తాత్కాలిక విరుపు, తర్వాతి లైన్‌ను దీనికి కలిపేయవచ్చు. ఖాళీ లేకపోతే అది శాశ్వత విరుపు, ముట్టుకోకూడదు. పాత యంత్రాలు ఆ ఖాళీని పట్టించుకోవు, వాటికి ఎప్పటిలా 72 దగ్గర విరిగిన ఉత్తరమే కనిపిస్తుంది. కొత్త యంత్రాలు లైన్లను కలిపి, తమ తెరకు తగినట్టు మళ్ళీ పేర్చుకుంటాయి. దీన్ని ‘ప్రవహించే పాఠం’ అనవచ్చు.

2004 సవరణలో మనకు ఆసక్తి కలిగించే అంశం మరొకటి ఉంది. పదాల మధ్య ఖాళీ లేకుండా రాసే భాషల కోసం, లైన్లను కలిపేటప్పుడు ఆ చివరి ఖాళీని తీసేయమని చెప్పే వీలు కల్పించారు. అంటే పదం మధ్యలో విరిచినా, కలిపినప్పుడు ఖాళీ మిగలదు. ప్రపంచమంతా ఇంగ్లిషులా రాయదని ఈ నియమం గుర్తించింది.

తాటాకు నుంచి తెర దాకా

తెలుగు రాతకు కూడా అంచు సమస్య కొత్తది కాదు. తాటాకు పొడవు ఆకును బట్టి ఉంటుంది, మధ్యలో దారం కోసం కన్నం ఉంటుంది. పాత ప్రతుల్లో పదాల మధ్య ఖాళీలు వదిలేవారు కాదు. ఆకు అంచు రాగానే పదం మధ్యలోనైనా ఆపి, తర్వాతి వరుసలో కొనసాగించేవారు. పదం విరిగినా చదువరికి ఇబ్బంది లేదు, విరిగేది అక్షరం దగ్గర కాబట్టి. ‘స్త్రీ’ అన్న అక్షరంలో స ఒక వరుసలో, త్రీ మరో వరుసలో రాయాలన్న ఊహ లేఖకుడికి రాదు. మన రాతకు అక్షరమే ప్రమాణం.

ఈ ప్రమాణం ఈ-మెయిల్‌కు తెలియదు. తొలినాళ్ళలో అది ఇంగ్లిషు అక్షరాలను మాత్రమే మోసేది. 1990ల తొలి ఏళ్ళలో అమెరికాలోని తెలుగువారు ఇంటర్నెట్‌లో తెలుగు రాసుకోవడానికి రోమన్ లిపినే ఆశ్రయించారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్టీఎస్ పద్ధతి అలా వాడుకలోకి వచ్చింది. అందులో ‘స్త్రీ’ రాయడానికి ఎస్, టీ, ఆర్, పెద్ద ఐ అని నాలుగు రోమన్ అక్షరాలు చాలు. తెలుగు లిపి కనబడకపోయినా లైన్ల లెక్క మాత్రం కుదిరేది. ఇంగ్లిషు ఉత్తరంలాగే 72 దగ్గర విరిచినా ఏ అక్షరమూ పగిలేది కాదు.

అసలు తెలుగు లిపిలో రాయడం యూనికోడ్‌తో సాధ్యమైంది. యూనికోడ్‌లో ప్రతి హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కో సంకేత సంఖ్య ఉంటుంది. ‘స్త్రీ’ ఇక్కడ ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచినప్పుడు ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. దేవనాగరికి కూడా అంతే. ఇంగ్లిషుకు ఒకటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బస్తర్ ప్రాంతంలో మలేరియా పెద్ద సమస్య. ఇంటింటికీ వెళ్ళి రక్త పరీక్షలు చేసే కార్యక్రమం 2020లో అక్కడ మొదలైంది. అటువంటి సందర్భంలో పంపదగిన ఒక వాక్యం:

జ్వరం వస్తే వెంటనే రక్త పరీక్ష చేయించుకోండి

ఇందులో 17 అక్షరాలున్నాయి. యూనికోడ్ సంకేతాలు, ఖాళీలతో కలిపి 43. బైట్లు 119. సంకేతాలను లెక్కపెట్టి 78 దగ్గర విరిచే ప్రోగ్రామ్‌కు ఇది ఒకే లైన్. బైట్లను లెక్కపెట్టే ప్రోగ్రామ్‌కు మాత్రం ‘పరీక్ష’ దగ్గరకు వచ్చేసరికి 82 అవుతుంది. కాబట్టి ఇలా విరుస్తుంది:

జ్వరం వస్తే వెంటనే రక్త
పరీక్ష చేయించుకోండి

ప్రమాణాలు ఈ తికమకను తీర్చడానికి ప్రయత్నించాయి. ఈ-మెయిల్‌లో యూటీఎఫ్-8ను నేరుగా వాడుకోవడంపై 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6532 ప్రకారం, 78 అన్న సలహాను అక్షర సంకేతాల్లో లెక్కపెట్టాలి, 998 అన్న గట్టి హద్దును మాత్రం బైట్లలో లెక్కపెట్టాలి. అంటే ఇంగ్లిషులో వెయ్యికి దగ్గరగా అక్షరాలు పట్టే చోట తెలుగు సంకేతాలు 332 మాత్రమే పడతాయి. పేరా అంతా ఒకే లైన్‌గా రాసే అలవాటున్నవారు తెలుగులో ఈ హద్దును మూడింతలు త్వరగా తాకుతారు. అక్కడ ఏమవుతుందన్నది దారిలో ఉన్న సర్వర్‌ను బట్టి ఉంటుంది. పాత సెండ్‌మెయిల్ సర్వర్లు 990 దగ్గర ఒక ఆశ్చర్యార్థకం పెట్టి లైన్‌ను తుంచేసేవి. ఆ తెంపు మూడు బైట్ల మధ్యలో పడితే అటూ ఇటూ మిగిలిన బైట్లు దేనికీ పనికిరావు. వాటి స్థానంలో తెర మీద నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తుంది.

ఈ ప్రమాదాన్ని తప్పించడానికే 1992 నుంచి వాడుకలో ఉన్న మైమ్ పద్ధతి పాఠాన్ని మూటగట్టి పంపుతుంది. అందులో రెండు రకాలున్నాయి. మొదటిది ‘కోటెడ్ ప్రింటబుల్’. ఇది ఇంగ్లిషు కాని ప్రతి బైటును మూడు అక్షరాలుగా రాస్తుంది. ఒక్క తెలుగు సంకేతానికి తొమ్మిది అవుతాయి. పై వాక్యం 347 అక్షరాలకు ఉబ్బుతుంది. లైనుకు 76 మించకూడదు కాబట్టి ఐదు లైన్లు పడుతుంది. రెండోది ‘బేస్-64’. ఇది మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మారుస్తుంది. అదే వాక్యం 160 అక్షరాల్లో, మూడు లైన్లలో సరిపోతుంది. ఈ విరుపులు మూట కట్టడానికి మాత్రమే. అవతల విప్పగానే అతుక్కుపోతాయి, పాఠానికి హాని ఉండదు. మూట లోపల పాఠానికి మనమో మన ప్రోగ్రామో పెట్టిన విరుపులు మాత్రం మూటతో పాటే చేరతాయి.

ఉత్తరం పైన ఉండే విషయం లైన్‌లో మరో చిక్కు. అక్కడ పొడవైన తెలుగు శీర్షికను 75 అక్షరాలకు మించని ముక్కలుగా మూటగడతారు. ఒక అక్షర సంకేతపు బైట్లను రెండు ముక్కల మధ్య చీల్చకూడదని నియమంలో ఖరాఖండిగా ఉంది. పాటించని ప్రోగ్రాములూ ఉన్నాయి. శీర్షిక మధ్యలో ఉన్నట్టుండి నల్ల వజ్రాలు రెండు కనబడితే కారణం సాధారణంగా ఇదే.

తెర గడుల లెక్క కూడా మనకు సరిపడదు. సమాన వెడల్పు గడులుండే తెరల్లో యూనికోడ్ పట్టికను బట్టి వెడల్పు లెక్కిస్తారు. ఆ పట్టికలో గుడి అక్షరం పైన కూర్చునేది, అందుకని చోటు తీసుకోదు. కొమ్ము పక్కన వచ్చేది, అందుకని చోటు తీసుకుంటుంది. ఒత్తు కింద ఉన్నా, అది యూనికోడ్‌లో మామూలు హల్లే కాబట్టి దానికో గడి. ఈ లెక్కన ‘స్త్రీ’కి మూడు గడులు, కంటికి కనిపించేది ఒకే అక్షరం. 72 దగ్గర విరిచిన తెలుగు ఉత్తరంలో లైన్ల అంచులు ఎగుడుదిగుడుగా ఉండటానికి ఇది ఒక కారణం.

అక్షరాన్ని అక్షరంగా గుర్తించడం యూనికోడ్‌కే ఆలస్యంగా వచ్చింది. మునుపు దాని నియమాల ప్రకారం ‘స్త్రీ’ మూడు ముక్కలు: స్, త్, రీ. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 కూర్పు ఈ నియమాన్ని మార్చింది. పొల్లుతో కలిసిన సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలని, మధ్యలో తెంచకూడదని చెప్పింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం, ఈ ఆరు లిపులకు ఆ మార్పు వర్తించింది. ఒకటో తరగతి పిల్లవాడి లెక్కకు ప్రమాణం దగ్గరైంది. ఆ ఆరింటిలో గోండీ లిపులు లేవు.

బస్తర్‌లో రాత కంటే ముందు మాట

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగమైన బస్తర్‌లో గోండీ, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ వంటి భాషలు వినిపిస్తాయి. సుక్మా జిల్లా కొంటా దాటితే ఆంధ్రప్రదేశ్. ఇంద్రావతి, శబరి నదులు వచ్చి గోదావరిలో కలుస్తాయి. అక్కడి నుంచి వచ్చి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండీ మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 30 లక్షలు. కానీ వారు పలు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో గోండీని ఎక్కువగా దేవనాగరిలో, తెలంగాణలో తెలుగు లిపిలో రాస్తారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండీకి చోటు లేదు.

ఇటువంటి చోట ఈ-మెయిల్ ఎంత దూరం వెళ్ళగలదో చూపే అనుభవం ఒకటి ఉంది. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి ఛత్తీస్‌గఢ్ విషయాలు చర్చించడానికి 2004లో సీజీనెట్ అనే ఈ-మెయిల్ బృందాన్ని మొదలుపెట్టారు. నగరాల్లో చదువుకున్నవారు, కార్యకర్తలు, విలేకరులు అందులో రాసేవారు. కానీ ఎవరి గురించి చర్చిస్తున్నారో ఆ ఆదివాసీలు అందులో లేరు. కంప్యూటర్ లేదు, ఇంటర్నెట్ లేదు, వారి భాషలో రాసే అలవాటు లేదు. పంపినా అటువైపు చదివే ప్రోగ్రాములకు ఆ భాష గురించి తెలియదు.

అందుకే 2010లో దారి మార్చారు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కు చెందిన బిల్ థీస్ వంటి పరిశోధకుల సహకారంతో ‘సీజీనెట్ స్వర’ వచ్చింది. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకు చేస్తే చాలు. ఒకటి నొక్కితే తమ మాట రికార్డు చేయవచ్చు, రెండు నొక్కితే ఇతరుల మాటలు వినవచ్చు. సంపాదకులు విని, సరిచూసి ప్రచురిస్తారు. బోరు పాడైందని, కూలి డబ్బులు రాలేదని, రేషన్ అందలేదని జనం తమ భాషలోనే చెప్పుకున్నారు. గొంతుకు లైన్ విరుపు లేదు, 78 లేదు, 998 లేదు.

అయితే గొంతుతో అన్ని పనులూ జరగవు. పాఠ్యపుస్తకం, అర్జీ, నిఘంటువు, వైద్య సూచన, వీటికి రాత కావాలి. చెప్పింది వెతికి పట్టుకోవాలన్నా రాత కావాలి. స్వరలో వచ్చిన రికార్డింగులకు కూడా వెబ్‌సైట్‌లో చిన్న సారాంశం రాసి పెడతారు. కాబట్టి గోండీ మళ్ళీ రాత దగ్గరకు రాక తప్పదు. వచ్చినప్పుడు పాత లెక్కలన్నీ ఎదురుచూస్తూ ఉంటాయి.

రెండు లిపులు, నాలుగు బైట్లు

గోండీకి సొంత లిపులు రెండున్నాయి. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారామ్ 1918లో రూపొందించినది ఒకటి. దాన్ని మసారామ్ గోండీ అంటారు. రెండోది మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోనిది. ఆచార్య జయధీర్ తిరుమలరావు తదితరుల కృషితో అది వెలుగులోకి వచ్చింది. అన్షుమన్ పాండే ప్రతిపాదనల ఆధారంగా మసారామ్ లిపి 2017లో యూనికోడ్ 10లో, గుంజాల లిపి 2018లో యూనికోడ్ 11లో చేరాయి. ఇది చాలా పెద్ద అడుగు. సంకేత సంఖ్య లేని లిపికి కంప్యూటర్‌లో ఉనికే ఉండదు.

ఆలస్యంగా వచ్చినవారికి సభలో వెనుక వరుసే దొరుకుతుంది. యూనికోడ్‌లో మొదటి 65,536 స్థానాల్లో తెలుగు, దేవనాగరి ఉన్నాయి. గోండీ లిపులకు ఆ హద్దు దాటాక చోటు దొరికింది. దాని ఫలితం రోజువారీ వాడుకలో కనిపిస్తుంది. ఈ-మెయిల్‌లో ఒక్కో గోండీ సంకేతం మూడు కాదు, నాలుగు బైట్లు. 998 హద్దులో 249 సంకేతాలు మాత్రమే పడతాయి. ఎస్సెమ్మెస్‌లో తేడా ఇంకా ఎక్కువ. ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్లు పడతాయి. ఇంగ్లిషైతే 160 అక్షరాలు, తెలుగైతే 70 సంకేతాలు. గోండీ లిపిలో ఒక్కో సంకేతం రెండింటి చోటు తీసుకుంటుంది కాబట్టి 35. మనం పైన చూసిన జ్వరం వాక్యం తెలుగులో 43, ఒక ఎస్సెమ్మెస్‌లో హాయిగా పడుతుంది. అంతే నిడివి ఉన్న వాక్యాన్ని గోండీ లిపిలో రాస్తే 81 అవుతుంది, రెండు ఎస్సెమ్మెస్‌లు కావాలి. సిగ్నల్ వచ్చిపోయే ఊళ్ళో మొదటి ముక్క చేరి రెండోది చేరకపోతే, జ్వరం సంగతి తెలుస్తుంది, పరీక్ష సంగతి తెలియదు.

ఫోన్లదీ అదే కథ. మనదేశంలో అమ్మే మొబైళ్ళలో 22 అధికార భాషల సందేశాలు చదవగలిగేలా ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ 2016 నాటి ప్రమాణం చెబుతోంది. ఆ 22లో గోండీ లేదు, హల్బీ లేదు. దేవనాగరిలోనో తెలుగులోనో రాస్తే కనిపిస్తాయి. సొంత లిపిలో రాస్తే చాలా ఫోన్లలో ఖాళీ డబ్బాలే దర్శనమిస్తాయి. గూగుల్ నోటో ఫాంట్లలో ఈ రెండు లిపులూ ఉన్నాయి కానీ, ఆ ఫాంటు అవతలివారి ఫోనులో కూడా ఉండాలి.

యంత్రానికి లైన్ అంటే వాక్యం

ఇప్పుడు లైన్ విరుపుకు మరో కోణం తోడైంది. అనువాద యంత్రాలకు నేర్పించేటప్పుడు రెండు భాషల వాక్యాలను పక్కపక్కన పెడతారు. సాధారణంగా రెండు ఫైళ్ళుంటాయి. ఒకదానిలో హిందీ, మరొకదానిలో గోండీ. లైనుకు ఒక వాక్యం. ఇందులో నూరో లైనుకు అందులోని నూరో లైను అనువాదం. యంత్రానికి తెలిసిన జత ఇదొక్కటే.

ఎవరో గోండీ వాక్యాన్ని ఈ-మెయిల్‌లో పంపారు. దారిలో అది 72 దగ్గర విరిగింది. దాన్ని అలాగే ఫైల్‌లోకి అతికించారు. ఒక వాక్యం రెండు లైన్లయింది. ఆ ఒక్క వాక్యంతో నష్టం ఆగదు. దాని తర్వాతి ప్రతి వాక్యం ఒక మెట్టు కిందికి జారి, తనది కాని అనువాదంతో జత కలుస్తుంది. వాక్యాలు కోట్లలో ఉన్న ఇంగ్లిషుకు ఇటువంటి తప్పులు గంపలో పొల్లు గింజలు. గోండీ దగ్గర ఉన్నదెంత?

సీజీనెట్ స్వర, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ తదితరులు కలిసి చేసిన కృషిపై 2020లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. నిఘంటువు, పిల్లల కథలు, గోండీ విషయాలు వినిపించే యాప్, ఫోన్ కాల్‌తో నడిచే అవగాహన వేదిక, ఈ నాలుగు మార్గాల్లో వారు భాషా సామగ్రిని సేకరించారు. అన్నీ కలిపి చేతికొచ్చిన అనువాద పదాలు, వాక్యాలు 12,000 కంటే కాస్త తక్కువ. మున్ముందు అనువాదాలకు సాయపడగల 650 మందికి పైగా జనాన్ని గుర్తించగలిగారు. ఒక భాష భవిష్యత్తు ఇంత చిన్న మూటలో ఉన్నప్పుడు ప్రతి లైన్ లెక్కకు వస్తుంది. పల్లెలో ఒక పెద్దావిడ చెప్పిన వాక్యాన్ని యువకుడొకరు ఓపిగ్గా రాసి పంపితే, అది మెయిల్ ప్రోగ్రామ్ అలవాటు వల్ల రెండుగా విరిగి చెత్తబుట్టలోకి పోకూడదు.

పాఠాన్ని బయటికి చదివే యంత్రాల విషయమూ ఇంతే. గోండీ రాతను గొంతుగా మార్చి వినిపించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. లైన్ చివరను వాక్యం చివరగా భావించే యంత్రం ‘రక్త’ అని ఆగి, ఊపిరి పీల్చుకుని ‘పరీక్ష చేయించుకోండి’ అంటే వినేవారికి అర్థం చెడుతుంది.

ఏం చేయవచ్చు?

ఇందులో ఏదీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఉత్తరం రాసేవారు పేరా చివర మాత్రమే ఎంటర్ మీట నొక్కాలి, తెర అంచు దగ్గర కాదు. సాదా పాఠంగా పంపాల్సి వస్తే ప్రవహించే పాఠం పద్ధతిని అర్థం చేసుకునే మెయిల్ ప్రోగ్రామ్ వాడాలి. యూటీఎఫ్-8లో పంపుతున్నామని ఉత్తరం తలకట్టులో ఉండేలా చూసుకోవాలి. పద్యం, పాట, పట్టిక, ప్రోగ్రామ్ వంటి వాటిలో విరుపు రచనలో భాగం కాబట్టి దాన్ని కదపకూడదు. గోండీ పాటను ఒకే పేరాగా కలిపేయడం కూడా పాడుచేయడమే.

ప్రోగ్రాములు రాసేవారికి మరింత బాధ్యత ఉంది. పాఠాన్ని బైట్ల లెక్కన ఎక్కడపడితే అక్కడ తెంచకూడదు, అక్షరం పూర్తయ్యే చోటే ఆగాలి. ఇందుకు యూనికోడ్ నియమాలను అమలు చేసే ఉచిత గ్రంథాలయాలు సిద్ధంగా ఉన్నాయి. సొంతంగా లెక్కపెట్టబూనడమే తరచూ తప్పులకు మూలం. తెలుగు వాక్యంతో పరీక్షించి సరిపెట్టుకోకుండా, నాలుగు బైట్ల గోండీ వాక్యంతో కూడా పరీక్షించాలి.

భాషా సామగ్రి సేకరించేవారు లైన్ మీద భారం వేయకుండా ప్రతి వాక్యానికీ ఒక వరుస సంఖ్య ఇవ్వాలి. అప్పుడు వాక్యం విరిగినా జత తప్పదు, ఎక్కడ విరిగిందో వెంటనే దొరుకుతుంది. వచ్చిన మూల సందేశాన్ని మార్చకుండా విడిగా భద్రపరచడం మరో జాగ్రత్త.

78, 998 అంకెలు ఎవరి మీదో కక్షతో పెట్టినవి కావు. ఆనాటి యంత్రాలకు అవి సరైనవే. వాటిని పెట్టినవారి ఎదుట 80 గడుల తెర ఉంది, ఒక బైటుకు ఒక అక్షరం ఉంది. నేటి చదువరి ఎదుట అరచేతిలో ఇమిడే ఫోన్ ఉంది, ఒక అక్షరానికి పద్దెనిమిది బైట్లున్న భాషలున్నాయి. వరుస ఎక్కడ విరగాలో చదివేవారి తెరకు వదిలేయవచ్చు. అక్షరం మాత్రం ఎక్కడా విరగకూడదు, అది తెలుగైనా, దంతెవాడలో ఒక గోండు పిల్ల మొదటిసారి తన లిపిలో టైపు చేసిన పేరైనా.